కదలని చోట

బస్సు నందిగామ పొలిమేర దాటి హైవే ఎక్కేసరికి రోజారమణి కిటికీ పక్కన సర్దుకుని, క్యారేజీ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటిలాగే జనం మొహాలు చూడటం మొదలుపెట్టింది. ముందు సీట్లో ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ తలంబ్రాలప్పుడు పళ్ళెం మొత్తం ఎత్తి మొగుడి నెత్తిన గుమ్మరించిన మనిషి. అప్పట్లో సన్నగా ఉండేది, నవ్వితే బుగ్గలు సొట్టలు పడేవి. కమ్మీ పట్టుకుని నిలబడ్డ బట్టతలాయన అప్పగింతల దగ్గర పెళ్ళికూతురి కన్నా ఎక్కువగా ఏడ్చిన మేనమామ. డ్రైవరు వెనక కూర్చున్న యువకుడి పెళ్ళికి వాళ్ళ నాయనమ్మ చక్రాల కుర్చీలో వచ్చి అక్షింతలు వేసింది. కొన్నాళ్ళకి వాళ్ళింటి గృహప్రవేశం వీడియో వస్తే అందులో ఆవిడ గోడ మీద, దండ వెనక ఉంది. ఊళ్ళో ఎవరెవరు పోయారో రోజారమణికి ఇలాగే తెలుస్తుంది.

వీళ్ళలో ఒక్కరికీ రోజారమణి ఎవరో తెలియదు. ఆకుపచ్చ చీరావిడ ఒకసారి వెనక్కి తిరిగి, ఆమె మీదుగా కిటికీలోంచి పొలాల్ని చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది. మొదట్లో ఇలాంటప్పుడు ఉక్రోషంగా ఉండేది. నీ పెళ్ళంతా నా చేతులమీదుగా వెళ్ళింది కదమ్మా, కాస్త పలకరిస్తే నీ సొమ్మేం పోయింది అనిపించేది. తెర వెనక మనిషిని తెలుసుకోవాలని ఎవరికి మాత్రం ఎందుకుంటుంది? ఇప్పుడా ఉక్రోషం లేదు. మొహాలు చూస్తుంది, గుర్తుపడుతుంది, చిల్లకల్లు వచ్చేసరికి చూపు తిప్పేసుకుంటుంది.

జగ్గయ్యపేటలో మిక్సింగు పని చేస్తానంటే సిమెంటు ఫ్యాక్టరీలోనా అని అడుగుతారు. పాపం వాళ్ళ తప్పేం లేదు, ఊరు అలాంటిది. రోజారమణి చేసేది వీడియో మిక్సింగు. ముగ్గురు కెమెరావాళ్ళు పెళ్ళికి వెళ్ళి తీసిందంతా తెచ్చి ఆమె ముందు పోస్తారు. అందులోంచి చూడదగ్గ పెళ్ళిని ఏరి, కత్తిరించి, అతికించి, పాటలు వేసి ఇవ్వాలి. టేపుల కాలంలో, డీటీపీ నేర్చుకున్న అమ్మాయి కావాలంటే వచ్చి చేరింది. అప్పటి యజమాని పోయాడు, ఆయన కొడుకు వీరేంద్ర కొట్టు నడుపుతున్నాడు. టేపులు పోయాయి, డీవీడీలు వచ్చి పోయాయి. రోజారమణి మాత్రం ఆ మేడమీద గదిలో, గోడవైపు తిరిగిన ఆ కుర్చీలోనే ఉండిపోయింది. సంబంధాలు రాలేదని కాదు. ఒకరు వాళ్ళంతట వాళ్ళే వద్దన్నారు. ఇంకొకరు సరిగ్గా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడే వచ్చారు. ఆ తరువాత వచ్చినది ఎందుకు ఆగిపోయిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. అమ్మ కూడా పోయింది. వయసు యాభైకి దగ్గర పడింది. ఊరందరి పెళ్ళిళ్ళూ చూసిన మనిషే, కానీ పందిట్లో కూర్చుని చూసిన పెళ్ళిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

బస్సు దిగి బజారు సందులోకి తిరిగేటప్పటికి ఎడమ భుజంలో మళ్ళీ లాగింది. పొద్దున లేచినప్పటి నుంచీ ఇంతే. గ్యాసు అనుకుంది. రాత్రి మినపట్టు తినకుండా ఉండాల్సింది అని తనని తాను తిట్టుకుని మెట్లమీద కాసేపు ఆగి పైకి ఎక్కింది.

వీరేంద్ర అప్పటికే లైట్లూ స్టాండ్లూ సర్దుకుంటున్నాడు. రోజారమణి కొంగుతో తెరమీది దుమ్ము తుడిచింది. కిటికీలు ఎంత బిగించినా తెల్లారేసరికి తెరమీద బూడిదరంగు పొర ఉండనే ఉంటుంది.

"అక్కా, నేను వేదాద్రి పోతున్నా. గుళ్ళో ఒడుగుంది. పొద్దు వాలేసరికి వచ్చేస్తా. బాలామణిగారు మధ్యాహ్నం వస్తారంట. వాళ్ళాయన బిట్ అయిపోయిందా?"

"ఇంకా కాలేదు. ఫైలు బాగా అరిగిపోయింది. చూస్తున్నా."

"రేపు వాళ్ళకి సంవత్సరీకం. చుట్టాలందరూ వస్తారు, టీవీలో వేసి చూపించాలని పాపం ఆవిడ ఆశ. నువ్వు మరీ ఎక్కువ ఆలోచించకు. మబ్బుల్లోంచి దీవిస్తున్నట్టు పెట్టేయ్. అందరికీ పెట్టేదేగా."

"ఆయనకి అట్లా పెట్టను."

వీరేంద్ర వైరు చుట్టడం ఆపి ఆమె వంక చూశాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు, ఆమె నోటివెంట పెట్టను, చెయ్యను అనే మాట విన్నది లేదు. "సరే, నీ ఇష్టం. ఆ కెమెరాని మాత్రం కాస్త కనికరించక్కా, అప్పుడప్పుడూ కదులుతూ ఉండు" అని నవ్వి మెట్లు దిగిపోయాడు.

అది వాళ్ళిద్దరి మధ్య పాత వేళాకోళం. ఒకసారి కొట్లో లెన్సు పోతే వీరేంద్ర తలుపు పైన ఒక చిన్న కెమెరా పెట్టించాడు. కదలిక కనపడితేనే అది రికార్డు చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. రోజారమణి పనిలో కూర్చుంటే చూపుడువేలు తప్ప ఇంకేదీ కదలదు, ఆ వేలు ఆమె ఒంటికి అవతల ఉంటుంది. నువ్వు కూర్చుంటే అది నిద్రపోతుందక్కా అంటుంటాడు.

బతికున్నవాళ్ళని తీసెయ్యమనీ, పోయినవాళ్ళని తెమ్మనీ అడగడం మిక్సింగు కొట్టుకి మామూలే. విడాకులు తీసుకున్న అల్లుణ్ణి ఫ్యామిలీ ఫొటోలోంచి తీసేసి అక్కడ పూలకుండీ పెట్టమంటారు. పోయిన తాతగారిని మబ్బులమీద నిలబెట్టి పూలు చల్లించమంటారు. రోజారమణి అన్నీ చేసింది. అయితే బాలామణి అడిగింది వేరు. ఆవిడ భర్త రాధాకృష్ణమూర్తి, మెయిన్ బజార్లో బట్టల కొట్టాయన, పోయినేడు ఒక మధ్యాహ్నం కొట్లోనే గుడ్డ తాను విప్పుతూ కూలబడి పోయాడు. ఇంట్లో మనిషి పోతే ఏడాది లోపల ఆడపిల్ల పెళ్ళి చేసెయ్యాలని పెద్దలన్నారు. రెండో కూతురు మనోజ్ఞ పెళ్ళి నందిగామ కుర్రాడు అవినాష్‌తో హడావుడిగా జరిపించారు. ఆ పెళ్ళి వీడియోలో నాన్న ఉండాలి. ఫొటోగా కాదు, కదిలే మనిషిగా, కాసేపైనా. అదీ బాలామణి కోరిక.

కదిలే మనిషిగా ఆయన ఎక్కడా మిగల్లేదు. పెద్దకూతురు సుస్మిత పెళ్ళి పదేళ్ళ క్రితం ఈ కొట్లోనే, ఈ కుర్చీలోనే మిక్సింగయింది. కానీ క్యాసెట్టో డీవీడీయో ఇచ్చేశాక డిస్కు ఖాళీ చేసి కొత్త పెళ్ళిని ఎక్కించుకోవడం ఏ కొట్లోనైనా పద్ధతే. వాళ్ళింట్లో ఉన్న డీవీడీకి బూజు పట్టి, పెట్టగానే మిషను దాన్ని బయటికి నెట్టేస్తోంది. మిగిలిందల్లా సుస్మిత పెళ్ళిలో ఎవరో చుట్టం ఫోనుతో తీసిన ఒక చిన్న ముక్క. అది చుట్టాల గ్రూపుల్లో ఊళ్ళన్నీ తిరిగి తిరిగి ఆయన పోయాక బాలామణి ఫోనుకి చేరింది. పంపినప్పుడల్లా ఫోను దాన్ని ఇంకాస్త నొక్కి చిన్నది చేసింది. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూస్తే ఆయన కళ్ళు రెండు మసక గళ్ళు.

రోజారమణి ఆ ముక్కని మళ్ళీ తెరిచింది. కల్యాణమండపం గుమ్మం. కుడిపక్కన తలుపుకి ఆనుకుని రాధాకృష్ణమూర్తి నిలబడి ఉన్నాడు. భుజంమీద కండువా, చేతిలో తాళాల గుత్తి. ఫోను తనవైపు రావడం చూసి చెయ్యి అడ్డం ఊపుతాడు. "నన్నెందుకురా తీస్తావ్, పెళ్ళి అటు జరుగుతోంది, అటు తియ్" అంటాడు. తీసేవాడు వినడు. ఇంకేం చేస్తాడు, నోరు మూసుకుని బుద్ధిగా నిలబడిపోతాడు, ఫొటో తీయించుకునే పాతకాలం మనిషిలా. అంతే, ముక్క అయిపోయింది.

ఈ గొంతు రోజారమణికి తెలుసు. సుస్మిత పెళ్ళి మిక్సింగు రోజుల్లో ఆయన రోజూ కొట్టు మూసే వేళ వచ్చి, పక్కన ఇనప కుర్చీలో కూర్చునేవాడు. మిగతావాళ్ళు వస్తే వచ్చీ రాగానే మా తోడికోడలు పడిందా, మా బావగారు పడ్డారా అని తెరమీదే కళ్ళు. ఆయన మాత్రం మొదటిరోజే తెర వదిలేసి, "నీ పేరేంటమ్మాయ్?" అని అడిగాడు. అన్నేళ్ళలో అడిగిన మొదటి మనిషి. ఏ ఊరు, అమ్మకెలా ఉంది, మధ్యాహ్నం ఏం తింటావ్, అన్నీ అడిగాడు. కంప్యూటరు ఏం చేస్తుందో కూడా అడిగి తెలుసుకున్నాడు. కెమెరా ప్రతి బొమ్మనీ పూర్తిగా రాసుకోదండీ, ఒక బొమ్మ పూర్తిగా రాసుకుంటుంది, ఆ తరువాత ఏది కదిలిందో అది మాత్రమే రాసుకుంటుంది, కదలనిచోట పాత బొమ్మనే వాడుకుంటుంది, అట్లా చేస్తేనే ఫైలు చిన్నదవుతుంది అని చెబితే పగలబడి నవ్వాడు. "అయితే ఇది మా కులందే. పిసినారి" అన్నాడు.

ఆఖరిరోజు డీవీడీలు తీసుకుని లేస్తూ, "మా చిన్నమ్మాయి పెళ్ళికి నువ్వు రావాలమ్మాయ్. ఇట్లా తెరమీద చూడ్డం కాదు. పందిట్లోకి రావాలి. నేనే వచ్చి పిలుస్తా" అన్నాడు.

మాటవరసకి అన్నాడనుకోవచ్చు. వినేవాళ్ళకి అది మాటవరస. రోజారమణి మాత్రం దాన్ని దాచుకుంది. మనోజ్ఞ పెళ్ళి ఆర్డరు కొట్టుకి వచ్చినప్పుడు తేదీ చూసింది, మండపం చూసింది. నందిగామలో తనుండే గదికి పక్క వీధే. పెళ్ళినాడు పొద్దున్నే తలస్నానం చేసి, నెమలికంఠం రంగు చీర ఇస్త్రీ చేసుకుని మంచం మీద పరిచి పెట్టుకుంది. పిలిచే మనిషి లేడని తెలుసు. అయినా పరిచింది. సన్నాయి మోగింది, గట్టిమేళం మోగింది, భోజనాల దగ్గర మైకులో ఎవరో ఎవర్నో పిలిచారు. పిలవకుండా ఎలా వెళుతుంది? సాయంత్రం చీర మడతపెట్టి పెట్లో పెట్టింది. ఆరోజు ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరున్నారు గనక.

అందుకని ఆయన్ని మబ్బులమీద పెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. మాటిచ్చిన మనిషి తన ఇంటి పెళ్ళికి తనే రాలేకపోయాడు. కనీసం ఇక్కడైనా సరిగ్గా రావాలి.

అయితే ఒక చిక్కుంది. ఈ ముక్కని ఏ పద్ధతిలో మార్చినా, మార్చినప్పుడల్లా మొహం మరో పొర అరుగుతుంది. ఉన్నదే రెండు మసక గళ్ళు, ఇంకా అరిగితే మిగిలేదేముంది? అందుకని ముందురోజు ఒక పని చేసి చూసింది. ఆయన ముక్కని ముట్టుకోకుండా, పెళ్ళి క్లిప్పునే దాని కొలతకి తగ్గించి, ఇంకేమీ మార్చకుండా, తిన్నగా ఒకదాని వెనక ఒకటి అతికించింది. వేసి చూస్తే అతుకు దగ్గర బొమ్మ ముద్దయింది. పూర్తి బొమ్మ లేనిచోట కోత పడింది కాబోలు. ఆయన కండువాలోంచి ఎవరిదో చెయ్యి కదిలింది. రోజారమణి వెంటనే ఆపేసింది. తీసేద్దామనుకుని కూడా, ఆయన ఉన్న ఫైలు కదా అని తీయకుండా పక్కన పడేసింది.

ఇవాళ పద్ధతిగా మొదలుపెట్టింది. ఆయన అంచు చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ, కండువా చివర, చెవి, తాళాల గుత్తి, ఒక్కొక్కటే ముక్క ముక్కగా గుమ్మంలోంచి వేరుచేసింది. పెళ్ళి వీడియోలో మండపానికి ఒక పక్క ఖాళీ చూసి అక్కడ నిలబెట్టింది. వెలుతురు కలిపింది. నేలమీద కాస్త నీడ వేసింది. మధ్యలో లేచి జీలకర్ర నీళ్ళు తాగింది, క్యారేజీ తెరిచి రెండు ముద్దలు తిని మూసేసింది. ఎడమ చెయ్యి బరువుగా ఉంటే ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తోనే పని కానిచ్చింది.

బాలామణి ఎండలోనే వచ్చింది. లేతరంగు నేతచీర, నుదుట సన్నటి విభూతి గీత. చేతిలో మనోజ్ఞ పెళ్ళి తాంబూలం సంచి, అందులో రేపటికి కావలసిన సామాను. పెళ్ళిలో మిగిలిపోయిన సంచుల్ని ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి వాడుతూనే ఉంటారు. ఇనప కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది.

రోజారమణి చేసినది వేసి చూపించింది. మండపం పక్కన రాధాకృష్ణమూర్తి నిలబడ్డాడు, చెయ్యి ఊపాడు, ఊరుకున్నాడు. పని శుభ్రంగానే వచ్చింది. పని తెలిసినవాళ్ళు చూస్తే మెచ్చుకుంటారు.

"బాగానే ఉందమ్మా" అంది బాలామణి. కాసేపాగి, "ఆయన అట్లా మండపం దగ్గర నిలబడే మనిషి కాదులే. ఎప్పుడూ గుమ్మం దగ్గరే. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసుకుంటా. అయినా బాగుంది. కష్టపడ్డావ్" అంది.

ఆ గొంతులో ఏమీ లేదని రోజారమణికి తెలిసిపోయింది. వస్తువు నచ్చకపోయినా కొట్టువాడు బాధపడతాడని బాగుందనే మనిషి గొంతు అది. చూపు తెరవైపు తిప్పుకుంది. ఆ ఫైలు అయిపోయి, వరసలో దాని పక్కనున్న ఫైలు దానంతట అదే మొదలయింది. ముందురోజు పాడయిన అతుకు.

గుమ్మం, తాళాల గుత్తి. నన్నెందుకురా తీస్తావ్. రోజారమణి ఆపబోయింది. బాలామణి ఆమె మణికట్టు పట్టుకుంది.

అతుకు వచ్చింది. గుమ్మం దగ్గరి గోల ఆగిపోయి సన్నాయి మొదలయింది. శబ్దం మారింది గాని బొమ్మ మారలేదు. ఆయన అలాగే ఉన్నాడు. ఆయన కండువాలోంచి పురోహితుడి చెయ్యి కదిలింది, ఆ చెయ్యి తిరిగిన మేరా మండపం బయటపడింది. పెళ్ళికూతురు తల తిప్పితే తలుపు చెరిగి పూలజడ వచ్చింది. ముత్తయిదువలు అటూ ఇటూ నడిచారు, వాళ్ళు నడిచిన దారంతా పాత గుమ్మం తుడుచుకుపోయి కొత్త పెళ్ళి కనిపించింది. చూస్తూ ఉండగానే తెరంతా మనోజ్ఞ పెళ్ళి అయిపోయింది, ఒక్కచోట తప్ప. కుడిపక్కన, స్తంభం దగ్గర, ఆయన మొహం మాత్రం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. చుట్టూ పెళ్ళి జరుగుతోంది. ఆయన బుద్ధిగా చూస్తున్నాడు.

"అక్కడే ఎందుకు ఆగారు?" అంది బాలామణి.

రోజారమణి అసలు పెళ్ళి క్లిప్పు పక్కన తెరిచి, అదేచోటు చూసింది. చూశాక చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది.

"అది ఫైలు తప్పండి. కంప్యూటరు కదిలినవాటినే కొత్తగా గీస్తుంది. కదలనిచోట పాత బొమ్మనే ఉంచేస్తుంది. పందిట్లో అందరూ కదిలారు. అందుకని అందరి మీదనుంచీ ఆయన చెరిగిపోయారు. ఆ స్తంభం దగ్గర కూర్చుంది మీరండి."

కన్యాదానం మరిదీ తోడికోడలూ చేశారు. భర్త పోయిన మనిషి పీటల దగ్గరికి రాకూడదని, ఎవరూ చెప్పకుండానే, బాలామణి స్తంభం పక్కన కూర్చుంది. కన్నకూతురి పెళ్ళిలో ఎవరి కంటా పడకూడదని చెయ్యి కూడా కదపకుండా కూర్చుంది. కెమెరా ఆవిడని చూసింది. కదలడం లేదు కదా అని కొత్తగా రాసుకోలేదు.

తెరమీద పెళ్ళి సాగుతోంది. జీలకర్రా బెల్లం అయింది, గట్టిమేళం మోగింది. అక్షింతలు వేయడానికి అందరూ లేచారు. స్తంభం దగ్గర ఆయన మొహంలోంచి బాలామణి చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి వెళ్ళిన దారిలో ఆయన నుదురు పోయింది, కళ్ళు పోయాయి. చెయ్యి కిందికి వచ్చేసరికి అక్కడ తెల్లచీరలో బాలామణి ఒక్కతే నిలబడి ఉంది.

"అంతసేపు నా దగ్గరే ఉన్నారన్నమాట" అంది బాలామణి. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇదే ఇవ్వమ్మా నాకు. ఎవరన్నా ఏమన్నా అనుకోనీ."

"ఇది మామూలు టీవీలో ఇట్లా రాదండి, పాడయింది కదా. ఇట్లాగే నిలిచిపోయేట్టు మారుస్తా. సాయంత్రానికి అయిపోద్ది." తరువాత, ఇంక దాచుకోలేక, "ఆయన ఆ కుర్చీలోనే కూర్చునేవారండి. పెద్దమ్మాయిగారి పెళ్ళప్పుడు" అంది.

బాలామణి తను కూర్చున్న ఇనప కుర్చీని చూసుకుంది. ఆమెని చూసింది. "నువ్వు రోజావా?"

"రోజారమణండి."

"అయ్యో అమ్మా." బాలామణి నోటిమీద చెయ్యి వేసుకుంది. "నాతో ఒకటికి పదిసార్లు చెప్పారు. చిన్నదాని పెళ్ళికి ఆ మిక్సింగ్ అమ్మాయిని మర్చిపోకూడదు, నేనే వెళ్ళి పిలుస్తా అని. ఆయన పోయాక ఆ గొడవలో నాకు నా ఒళ్ళే తెలియలా. నీ మాటే తట్టలేదు. ఏమనుకున్నావో ఏమో."

"అబ్బే, ఏమీ అనుకోలేదండి" అంది రోజారమణి.

బాలామణి లేచింది. ఉండు, ఇప్పుడే వస్తా అని మెట్లు దిగి వెళ్ళింది. వాళ్ళ కొట్టు రెండు సందుల అవతలే. తిరిగి వచ్చేటప్పటికి ఆయాసపడుతోంది. రేపటి సామానంతా కొట్లో పెట్టేసి అదే తాంబూలం సంచిలో గులాబీరంగు జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు, ఆకూ వక్కా, కుంకుమ పొట్లం పెట్టుకొచ్చింది. సంచిని రోజారమణి చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టింది.

"నా చేత్తో ఇవ్వకూడదు. నువ్వే తీసుకో తల్లీ."

రోజారమణి సంచి ముట్టుకోలేదు. "ఆయన పిలుపు కదండీ ఇది. మీ చేత్తోనే ఇవ్వండి. బొట్టు కూడా మీరే పెట్టండి" అంది. తను ఇంత మాట అనగలదని ఆమెకే తెలియదు.

బాలామణి సంచిలోంచి కుంకుమ పొట్లం తీసింది. దాన్ని విప్పి, ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, రోజారమణి నుదుట పెట్టింది. సంచి రెండు చేతులతో ఇచ్చింది.

"రేపు భోజనానికి రా. పందిరికి పిలవలేకపోయా. దీనికన్నా రా."

"వస్తానండి."

ఆవిడ వెళ్ళిపోయాక రోజారమణి ఆ ఫైలుని నిలిచిపోయే పద్ధతిలోకి మార్చడానికి పెట్టింది. తెరమీద గీత నెమ్మదిగా నిండడం మొదలయింది. సంచి ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, లేచి, తెర పక్కన గోడకున్న మేకుకి తగిలించింది. రేపు నెమలికంఠం రంగు చీర కట్టుకోవాలనుకుంది. సంవత్సరీకం భోజనానికి అంత మంచి చీరా అని ఎవరన్నా అనుకుంటే అనుకోనీ. ఆయాసంగా ఉంటే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. గీత నిండేదాకా ఎప్పుడూ అలా కూర్చోవడం ఆమెకి అలవాటే.

వీరేంద్ర పొద్దు వాలకముందే వచ్చాడు. కిటికీలోంచి ఎర్రటి ఎండ ఆమె భుజంమీద పడుతోంది. తెరమీద పని పూర్తయిందని చిన్న పెట్టె వచ్చి నిలిచి ఉంది. టీ తెచ్చా అక్కా అని గ్లాసు బల్లమీద పెట్టి, లైట్లు దించుకున్నాడు, బ్యాటరీలు ఛార్జింగుకి పెట్టాడు, ఒడుగు దగ్గర పులిహోర ఎంత బాగుందో చెప్పాడు. టీ మీద తెట్టు కట్టాక దగ్గరికి వెళ్ళి చూశాడు. ఎప్పుడూ స్టిక్కరు తప్ప పెట్టుకోని మనిషి నుదుట కుంకుమ ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మరునాడు పెన్‌డ్రైవు అతనే తీసుకెళ్ళి బాలామణికి ఇచ్చాడు. ఆవిడ గుమ్మంలోకి చూస్తూ, రోజారమణి రాలేదేం, ఆమెకి విస్తరి వేయించి ఉంచాను అంది. వీరేంద్ర చెప్పాడు. బాలామణి ఆ విస్తరి తీయించలేదు. ఆ మధ్యాహ్నం టీవీలో గుమ్మం దగ్గర చెయ్యి ఊపిన మనిషి, స్తంభం పక్కన ఆగిపోయి కూతురి పెళ్ళి చూశాడు. చుట్టాలెవరూ ఏమీ అనలేదు.

రోజారమణి పెద్దకర్మకి ఫొటో కావలసి వచ్చింది. ఊరి మొహాలన్నీ ఎక్కి దిగే ఆ డిస్కుల్లో వీరేంద్ర ఎంత వెతికినా ఆమెది ఒక్కటీ దొరకలేదు. చివరికి తలుపు పైన కెమెరాలో చూశాడు. రావడం, పోవడం, నీళ్ళకి లేవడం, అన్నీ వెనకనుంచే. ఆఖరిరోజుది మాత్రం కాస్త పక్కకి తిరిగి ఉంది. చెయ్యి చాచి సంచిని మేకుకి తగిలిస్తోంది, పెదవులమీద నవ్వులాంటిది ఉంది. తరువాత కుర్చీలో వాలింది. అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యేది అతను టీ గ్లాసుతో లోపలికి రావడంతోనే. మధ్యలో రాసుకోవడానికి కెమెరాకి ఏమీ కనపడలేదు. ఆ నవ్వులాంటి దాన్నే పెద్దది చేసి ఫ్రేము కట్టించాడు. దగ్గరనుంచి చూస్తే అంతా మసక గళ్ళే.

ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకా ఎవరూ కుదరలేదు. అరటిపళ్ళు తీసేశాడు గాని సంచిని తీయడానికి వీరేంద్రకి చేతులు రాలేదు. మనోజ్ఞ, అవినాష్ అని బంగారు రంగు అక్షరాలతో అది ఆ మేకుకే ఉంది. పొద్దున్నే వచ్చి ఫ్యాను వేయగానే, పళ్ళ బరువు పోయిందేమో, కొద్దిగా ఊగుతుంది, తలుపు పైన కెమెరా దాన్ని రాసుకుంటుంది.